ఆటిజం ఉన్న పిల్లలకు చదువు చెప్పడం మాకు నేర్పించండి: విద్యాశాఖ పెద్దలకు ఒక ఉపాధ్యాయురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ ఉన్నతాధికారులకు, ఉపాధ్యాయ శిక్షణ పాఠ్యప్రణాళికను నిర్ణయించే పెద్దలకు,

నమస్కారాలు.

నేను 22 ఏళ్ళుగా ఒక సాధారణ పాఠశాలలో ప్రాథమిక తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ఆటిజం (ఇతరులతో మాట కలపడంలో, చుట్టూ ఉన్న శబ్దాలనూ మార్పులనూ తట్టుకోవడంలో చిన్నతనం నుంచే కనిపించే తేడా) ఉన్న పిల్లలకు ఎలా బోధించాలో మాకు శిక్షణ ఇప్పించవలసిందిగా కోరుతూ మా పాఠశాల ఉపాధ్యాయులం 9 మందిమి సంతకాలు చేసి మీకు రెండుసార్లు విన్నపం పంపుకున్నాం. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘పరిశీలనలో ఉన్నది’ అని ఒక్క వాక్యం వచ్చింది. ఆ వాక్యం వచ్చి ఒక విద్యాసంవత్సరం గడిచిపోయింది, ఈలోగా మా బడి నుంచి ఆటిజం ఉన్న ఒక పిల్లవాడు వెళ్ళిపోయాడు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఈ లేఖలో చెప్పబోయే తప్పుల్లో మొదటిది నాదే కనుక, ఎవరినో దోషిగా నిలబెట్టాలని రాస్తున్నానని దయచేసి అనుకోవద్దు.

ఆ బాబుకు అప్పటికి ఎనిమిదేళ్ళు. చదవడం బాగా వచ్చు, రాయడం మాత్రం నెమ్మది. ఒక రోజు పీరియడ్ ముగిసే వేళకు నోటుపుస్తకం దిద్దించుకోవడానికి నా దగ్గరకు వచ్చాడు. సరిగ్గా అప్పుడే ప్రధానోపాధ్యాయుల గది నుంచి నాకు పిలుపు వచ్చింది. అతన్ని వరండా దాకా వెంటబెట్టుకువెళ్ళి, ‘ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తాను’ అని ఒక స్తంభం పక్కన నిలబెట్టి వెళ్ళాను. ఆ గదిలో పని తెమిలేసరికి వేరే తరగతికి వేళైంది. అటు నుంచి అటే వెళ్ళిపోయాను. బాబు సంగతి పూర్తిగా మరిచిపోయాను.

తరువాతి పీరియడ్ టీచర్ లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచారట, అతను కదలలేదట. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే కేక పెట్టి, నేల మీద కూలబడి, అరచేతులతో తల కొట్టుకున్నాడట. నేను తిరిగి వచ్చేసరికి 40 నిమిషాలు దాటింది. బాబు ఆ స్తంభం దగ్గరే ఉన్నాడు. నా ముఖం వైపు చూడలేదు. నా చెప్పుల వైపు చూస్తూ, ‘ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తాను’ అన్నాడు. అచ్చం నా గొంతు, నా తొందర. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. పిల్లలందరి ముందు గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, ‘నా కళ్ళలోకి చూసి మాట్లాడు’ అని గద్దించాను.

విన్న వాక్యాన్ని విన్నట్టే తిరిగి పలకడాన్ని ఎకోలేలియా అంటారని, సొంత వాక్యం కూర్చుకోలేని వేళ చాలామంది ఆటిస్టిక్ పిల్లలు అలా దొరికిన మాటతోనే మనసులోది చెబుతారని, ‘మీరు వస్తానన్నారు, రాలేదు’ అని ఆ బాబు నా వాక్యంతోనే నాకు చెప్పాడని తెలుసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. ఎదుటివారి కళ్ళలోకి చూడటం ఆటిజం ఉన్న చాలామందికి ఎంత కష్టమో, అలా చూస్తూ మాట వినడం అంతకన్నా ఎంత కష్టమో కూడా అప్పుడు నాకు తెలియదు. ఈ సంగతులు నాకు చెప్పింది శిక్షణ కళాశాల కాదు. ఆ బాబు తల్లి. ఎక్కడెక్కడో సేకరించిన జిరాక్స్ కాగితాల కట్ట ఒకటి తెచ్చి, ‘తప్పుగా అనుకోకండి టీచర్, వీలున్నప్పుడు చూడండి’ అని బల్ల మీద పెట్టి వెళ్ళింది. పిల్లవాడికి చదువు చెప్పవలసిన నేను, ఆ చదువు ఎలా చెప్పాలో తల్లి దగ్గర నేర్చుకున్నాను. ఆమెకు ఆ భారం పెట్టవలసిన పని మనకు ఉండకూడదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పీరియడ్ ముగియడానికి నిమిషం ముందు ఆ బాబు రెండు చెవులూ మూసుకునేవాడు. సరిగ్గా అప్పుడే నేను ఇంటిపని చెప్పేదాన్ని. ‘హోంవర్క్ చెప్పే వేళకు కావాలని చెవులు మూసుకుంటాడు’ అని అతని డైరీలో నా చేత్తో రాసి, తల్లి సంతకం తెమ్మని పంపాను. మా తరగతి గుమ్మం పక్కనే గోడకు బెల్లు ఉంది. గోడ గడియారం చూసుకుని, ఆ మోత తన చెవులకు తగలకముందే అతను సిద్ధపడుతున్నాడు. మిగతా పిల్లలకు చప్పుడుగా వినిపించేది అతనికి నొప్పిగా తగులుతున్నది. ఇంటిపనిని పీరియడ్ మొదట్లోనే నల్లబల్ల మీద రాసి ఉంటే ఆ గొడవంతా లేకపోయేది. రెండు నిమిషాల పని అది.

ఇదంతా నిన్న మొన్న బయటపడిన విషయమై ఉంటే నేను మిమ్మల్ని ఇలా అడిగేదాన్ని కాదు. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే విన్న మాటను తిరిగి పలకడం, చప్పుళ్ళకు భయపడటం, నిత్యకృత్యం మారితే తల్లడిల్లడం ఉన్నాయి. 1979లో బ్రిటన్‌కు చెందిన లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ తమ పరిశోధనలో ఈ లక్షణాలు కొందరిలో కొట్టొచ్చినట్టు, కొందరిలో పైకి కనిపించనట్టు, ఎన్నో రకాలుగా ఉంటాయని చూపించారు. 2013లో వెలువడిన, మానసిక వైద్యులు వాడే డీఎస్ఎం-5 నిర్ధారణ గ్రంథం శబ్దం, వెలుగు, స్పర్శ, వాసనల పట్ల అతిగానో, మరీ తక్కువగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాల జాబితాలోనే చేర్చింది. వైద్యులకు ఇంతకాలంగా తెలిసిన సంగతి తరగతి గదిలో రోజుకు ఐదారు గంటలు ఆ పిల్లలతో గడిపే మాకు చేరలేదు. నా శిక్షణ కాలంలో ఆటిజం ఒక పేరా. పరీక్షకు చదివాను, మార్కులు వచ్చాయి, మరిచిపోయాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి అంచనా ప్రకారం ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆ లెక్కన 500 మంది చదివే బడిలో నలుగురు ఉండాలి. మీ రికార్డుల్లో ఒక్కరూ లేని బడులుంటే, అక్కడ ఆ పిల్లలు లేరని కాకుండా వాళ్ళను గుర్తుపట్టగలవారు లేరేమోనని ముందు ఆలోచించాలని మనవి.

మాట ఇవ్వడంలో ప్రభుత్వాలు వెనుకబడలేదు. 1994 జూన్‌లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు, 25 అంతర్జాతీయ సంస్థలవారు కూడి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాధారణ బడి తలుపులు తెరవాలని ప్రకటించారు. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణం ఇంకా స్పష్టంగా చెప్పింది: విద్యలో అన్ని స్థాయిల్లో పనిచేసే సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ఆ శిక్షణలో వైకల్యంపై అవగాహనతోపాటు మాటకు ప్రత్యామ్నాయమైన సంభాషణ పద్ధతులు, తగిన బోధన పద్ధతులు, సామగ్రి ఉండాలి. పిల్లల్ని బడిలో చేర్చుకోవడం మొదటి సగం. ఈ శిక్షణ రెండో సగం. మొదటి సగం అమలై రెండోది ఆగిపోయిన చోట ఎవరికి ఏ నష్టం జరుగుతున్నదో నేను చూసినంతవరకు కింద రాస్తున్నాను.

1. ఆ పిల్లల బాధ మా రిజిస్టర్లలో క్రమశిక్షణ సమస్యగా నమోదవుతున్నది. చప్పుడు, వెలుగు, తోపులాట, చెప్పకుండా మారిన టైంటేబుల్ ఒకదానిమీద ఒకటి పేరుకుని ఇక తట్టుకోలేని స్థితికి చేరినప్పుడు వచ్చే ఉద్వేగాన్ని మెల్ట్‌డౌన్ అంటారు. అది మొండితనం కాదు, ఏదో సాధించుకోవడానికి చేసే మారాం అంతకన్నా కాదు. ఆ సమయంలో మాటలు తగ్గించాలి, చుట్టూ ఉన్నవారిని పంపేయాలి, చోటివ్వాలి. శిక్షణ లేని మేము సరిగ్గా దానికి విరుద్ధంగా చేస్తాం. గొంతు పెంచుతాం, చెయ్యి పట్టుకుంటాం, ఇంకో ఇద్దరు టీచర్లను పిలుస్తాం. అది ముదిరిన తరువాత ‘ఇతరుల భద్రత దృష్ట్యా’ అని రాసి, తల్లిదండ్రులను పిలిపించి టీసీ తీసుకోమంటాం. మా బాబు విషయంలో ఆ మాట ఎవరూ నోటితో అనలేదు. రోజూ మధ్యాహ్నమే వచ్చి తీసుకెళ్ళమని ఫోన్ చేశాం. కొన్ని వారాలకు వాళ్ళే తీసుకెళ్ళిపోయారు.

2. గొడవ చేయని పిల్లలు అసలు లెక్కలోకే రావడం లేదు. ముఖ్యంగా ఆడపిల్లలు. పక్కపిల్ల ఎప్పుడు నవ్వితే అప్పుడు నవ్వుతూ, తమ ఇబ్బందిని రోజంతా అదిమిపెట్టుకుని, ఇల్లు చేరగానే కుప్పకూలిపోతారు. తల్లి వచ్చి చెబితే ‘బడిలో బాగానే ఉంటుందండీ, ఇంట్లోనే గారాబం ఎక్కువైనట్టుంది’ అంటాం. ఒకప్పుడు వైద్యులే, తల్లి మనసు చల్లగా ఉండటం వల్ల బిడ్డకు ఆటిజం వస్తుందని నమ్మి ఎన్నో ఇళ్ళలో నిప్పు పెట్టారు. తన కొడుకుకే ఆటిజం ఉన్న మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఆ వాదాన్ని ఖండిస్తూ 1964లో ఒక గ్రంథమే రాయవలసి వచ్చింది. అరవై ఏళ్ళు గడిచినా స్టాఫ్‌రూముల్లో తల్లి పెంపకం మీద తీర్పులు ఆగలేదు. తెలియనితనం వల్లే ఆ తీర్పులు. నేనూ ఇచ్చాను.

3. బడి నుంచి ఏ క్షణాన ఫోన్ వస్తుందోనని ఇంట్లో ఒకరు, చాలావరకు తల్లే, ఉద్యోగం మానుకుంటున్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అదే బడిలో ఉంటే, ‘మీ తమ్ముణ్ణి వచ్చి పట్టుకో’ అని వాళ్ళను తరగతి మధ్యలో పిలుస్తున్నాం. అలా పిలిపించుకునే అక్క వయసు కూడా తొమ్మిదో పదో ఉంటుందని మనకు తోచదు.

4. తక్కిన పిల్లలు మమ్మల్ని చూసే నేర్చుకుంటారు. నేను గద్దించిన మరునాటి నుంచి ఆట సమయంలో కొందరు ఆ బాబు చుట్టూ చేరి ‘ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తాను’ అనడం మొదలుపెట్టారు.

5. ఉపాధ్యాయులం కుంగిపోతున్నాం. ఏం చేయాలో తెలియనప్పుడు కోపం వస్తుంది, ఇంటికి వెళ్ళాక ఆ కోపానికి సిగ్గు వేస్తుంది. మంచి టీచర్లు ఆ పిల్లలున్న సెక్షన్ తమకు వద్దని ప్రాధేయపడే పరిస్థితి వచ్చింది.

ఇక రెండు అభ్యంతరాలు తరచూ వినిపిస్తాయి. స్పెషల్ ఎడ్యుకేటర్లున్నారు కదా, మీకెందుకు అన్నది మొదటిది. వారి పని పట్ల నాకు గౌరవం ఉంది. కానీ వారు చాలా బడులకు ఎప్పుడో ఒకసారి వచ్చి వెళతారు, లేదా బాబును వేరే గదిలో కూర్చోబెట్టుకుని కొంతసేపు నేర్పుతారు. మిగిలిన గంటలన్నీ అతను మా ముందే ఉంటాడు. వారు అక్కడ నేర్పినది ఇక్కడ నిలవాలంటే మాకు కూడా అదే భాష వచ్చి ఉండాలి. రెండోది, ఖర్చు. రోజు క్రమాన్ని బొమ్మలతో బల్ల అంచున అతికించడం, పీరియడ్ మారే ముందు చెప్పడం, ప్రశ్న వేశాక పదిసెకన్లు ఆగడం, ఆ లోపల అదే ప్రశ్నను మరో రకంగా అడిగి పిల్లవాణ్ణి మళ్ళీ మొదటికి తేకపోవడం, ‘బుద్ధిగా ఉండు’ అనే బదులు ‘కుర్చీలో కూర్చుని పుస్తకం తెరువు’ అని ఏం చేయాలో చెప్పడం, వీటిలో దేనికీ నిధులు అక్కర్లేదు. బాబు వెళ్ళిపోయాక మా బెల్లును వరండా ఆ చివరకు మార్చాం. ఒక పూట పట్టింది. అతను ఉన్నప్పుడు మార్చవచ్చని మాకు తోచలేదు.

అలాగని శిక్షణ పేరుతో సగం పూట ఉపన్యాసం పెట్టి, హాజరు సంతకాలు తీసుకుని, ఫోటోలు దిగి పంపేస్తే దానివల్ల ఒరిగేది శూన్యం. ఉపాధ్యాయులు కొత్త పద్ధతిని వినడంతో సరిపెడితే అది తరగతి దాకా రాదని, చేసి చూపించి, వారిచేత చేయించి, వారి తరగతికే వచ్చి కొంతకాలం పక్కన నిలబడితే వస్తుందని విద్యా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచే చెబుతూ వచ్చారు. అమెరికాలోని ఉత్తర కరోలినాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ షోప్లర్ 1972లో రాష్ట్రవ్యాప్తంగా మొదలుపెట్టిన టీచ్ (TEACCH) అనే ఆటిజం కార్యక్రమం తల్లిదండ్రులను సహబోధకులుగా పక్కన కూర్చోబెట్టుకుని, కంటికి కనిపించే క్రమంతో తరగతి గదిని తీర్చిదిద్దడం ఎలాగో చూపింది. నమూనాలు వెతుక్కోవలసిన అవసరం మనకు లేదు.

కనుక మా కోరికలు ఇవి.

1. ఉపాధ్యాయ శిక్షణ కోర్సులన్నిటిలో ఆటిజంపై ప్రత్యేక విభాగాన్ని తప్పనిసరి చేయాలి. పరీక్ష రాస్తే చాలదు. ఆటిజం ఉన్న పిల్లలున్న సాధారణ తరగతిలో, అనుభవమున్న టీచర్ పక్కన, ప్రతి శిక్షణార్థి కొన్ని వారాలైనా పనిచేయాలి.

2. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న మాకు ఏడాది పొడవునా విడతలుగా శిక్షణ ఇవ్వాలి. ఒక విడతలో నేర్చుకున్నది తరగతిలో ప్రయత్నించాలి, శిక్షకులు వచ్చి చూడాలి, తప్పు ఎక్కడ జరిగిందో మాట్లాడుకుని తరువాతి విడతకు వెళ్ళాలి. ఆ రోజులను మా సెలవుల్లోంచి కోయకుండా పనిదినాలుగా లెక్కించాలి. అసలు కీలకం ఈ కోరికే. మిగతావన్నీ కాస్త ఆలస్యమైనా దీన్ని ముందు మొదలుపెట్టండి.

3. శిక్షకుల్లో ఆటిజం ఉన్న పెద్దలు ఉండాలి, వారికి తగిన పారితోషికం ఇవ్వాలి. ఆటిజం లేనివారిని ఆటిస్టిక్ వ్యక్తులు అర్థం చేసుకోలేకపోవడం ఎంత నిజమో, వారిని మనం అర్థం చేసుకోలేకపోవడం కూడా అంతే నిజమని, లోపాన్ని ఒకవైపే వెతకడం సరికాదని 2012లో డామియన్ మిల్టన్ వివరించారు. ఆయన స్వయంగా ఆటిస్టిక్ పరిశోధకుడు. వరండాలో ఆ రోజు అర్థం చేసుకోలేకపోయింది నేను. బడి రోజు లోపలి నుంచి ఎలా ఉంటుందో అనుభవించినవారు చెబితే మాకు తెలిసివస్తుంది. తల్లిదండ్రులకు కూడా అక్కడ స్థానం ఉండాలి.

4. శిక్షణ లక్ష్యం పిల్లవాణ్ణి అందరిలా కనిపించేలా చేయడం కాకూడదు. చేతులు ఆడించడం, ముందుకూ వెనక్కూ ఊగడం చాలామందికి తమను తాము నిమ్మళించుకునే మార్గం. ఎవరికీ దెబ్బ తగలనంతకాలం దాన్ని మాన్పించే పని మాకు నేర్పవద్దు. మాట రాని పిల్లలు బొమ్మ కార్డులతో, ట్యాబ్‌తో, చేతి సైగలతో చెప్పేది అందుకోవడం నేర్పండి. మెల్ట్‌డౌన్ రాకముందు కనిపించే గుర్తులేమిటో నేర్పండి. ఒంటరి గదిలో పెట్టి తలుపు వేయడం, నేలకు అదిమిపట్టడం శిక్షగా ఎన్నడూ జరగరాదని లిఖితపూర్వకంగా ఆదేశించండి. అలాగే రోగ నిర్ధారణ మా పని కాదని, నయం చేస్తామనే ప్రకటనల వైపు తల్లిదండ్రులను పంపరాదని కూడా స్పష్టం చేయండి.

5. ప్రధానోపాధ్యాయులు, వ్యాయామ ఉపాధ్యాయులు, ఆయాలు, బస్సు డ్రైవర్లు, పరీక్ష హాల్లో పర్యవేక్షణకు వచ్చేవారు అందరికీ వారి పనికి తగిన శిక్షణ ఉండాలి. తరగతిలో నెలల తరబడి కుదురుకున్న పిల్లవాడు బస్సులో ఒక్క అరుపుతో చెదిరిపోతాడు.

6. తరగతిలో పిల్లల సంఖ్యను, స్పెషల్ ఎడ్యుకేటర్ అందుబాటులో ఉండే గంటలను కూడా ఇదే సమయంలో సరిదిద్దాలి. శిక్షణ ఇచ్చాం కనుక ఇక అరవై మందినీ మీరే చూసుకోండి అనడానికి ఇది సాకు కాకూడదు.

7. ఎంతమందికి శిక్షణ ఇచ్చారో, ఆ తరువాత ఎంతమంది పిల్లలు బడిలో నిలిచారో, ఎందరు మధ్యలో వెళ్ళిపోయారో ఏటా బహిరంగంగా ప్రకటించాలి. ఈ మూడో లెక్క లేకుండా మొదటి రెండూ ప్రకటించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

వచ్చే విద్యాసంవత్సరంలో మా ఒకటో తరగతిలో ఆటిజం ఉన్న ఒక పాప చేరబోతున్నది. మొన్న అడ్మిషన్ ఫారం ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆ తల్లి, ‘టీచర్, ఇలాంటి పిల్లల గురించి మీకు ట్రైనింగ్ ఏమైనా ఇచ్చారా?’ అని అడిగింది. అడిగి చూస్తామని మాత్రమే చెప్పగలిగాను. తరగతులు మొదలవడానికి ముందు, 60 రోజుల లోపల, ఆమెకు చూపించగలిగేలా లిఖితపూర్వకమైన సమాధానం ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు
(సహోపాధ్యాయులు 8 మంది సమ్మతితో)